భూమి ధర చెప్పారు – భూమి గుణం ఎవరు చెప్పాలి?

పోయిన కార్తీకంలో మా సంఘం తరఫున నలుగురం డెహ్రాడూన్ వెళ్ళాం. మద్దతు ధర మీద, భూసేకరణ మీద అక్కడి రైతులు రెండు రోజుల సభ పెట్టి మమ్మల్ని పిలిచారు. సభ అయిన మర్నాడు ఒక ముసలి రైతు మమ్మల్ని తన పొలానికి తీసుకెళ్ళాడు. పొలం అంటే ఇప్పుడు మిగిలింది నాలుగు మళ్ళే. మూడు వైపులా నాలుగంతస్తుల ఇళ్ళు లేచాయి. డాబాల మీద ఆరేసిన చీరల నీడ కోసిన వరి దుబ్బుల మీద పడుతోంది.

మాలో నిజామాబాద్ నుంచి వచ్చిన ఆయనకు హిందీ బాగా వచ్చు. "తావూజీ, ఇక్కడ బీఘా ఎంత పలుకుతోంది?" అని అడిగాడు. ముసలాయన చెప్పిన ధర విని మాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు: "ధర అడగని వాడు లేడు బాబూ. నెలకు ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు వస్తారు. ఈ నేల కింద ఏముందని ఒక్కడూ అడగడు. నేను పట్వారీని అడిగితే నవ్వాడు."

ఆ పట్వారీ ఎందుకు నవ్వాడో మాకు తెలుసు. ఆయన దగ్గరున్న గ్రామ పటంలో సర్వే నంబర్లుంటాయి, గట్లుంటాయి, బాటలుంటాయి. నేల కింద పగుళ్ళుండవు. ఆ నవ్వుకు జవాబు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

నేల కింద ఏముంది?

డెహ్రాడూన్ ఒక లోయలో ఉన్న ఊరు. ఉత్తరాన ముస్సోరీ కొండలు, దక్షిణాన శివాలిక్ కొండలు, తూర్పున గంగ, పడమర యమున. ఉత్తరపు అంచున, రాజ్‌పుర్ దాటి ముస్సోరీ ఘాట్ ఎక్కే చోట నేలలో ఒక పెద్ద పగులుంది. దాని పేరు మెయిన్ బౌండరీ థ్రస్ట్. దక్షిణపు అంచున, శివాలిక్ కొండలు మైదానంలోకి దిగే మోహండ్ దగ్గర మరో పగులుంది. దాని పేరు హిమాలయన్ ఫ్రంటల్ థ్రస్ట్. లోయ లోపల సంతౌర్‌గఢ్ థ్రస్ట్, భౌవాలా థ్రస్ట్ అనే చిన్నవి కూడా ఉన్నాయి. పగుళ్ళ నడుమ ఊరు కాపురముంటోందన్న మాట.

థ్రస్ట్ అంటే ఏమిటి? నాగలి పట్టిన వాడికి చెప్పనక్కర్లేదు. కర్రు నేలలోకి దిగి ముందుకు సాగితే దాని ముందు పెళ్ళ లేచి పక్క మట్టి మీదికి ఎక్కుతుంది. హిమాలయాలు అలా లేచిన పెళ్ళలే. మన భారత భూభాగం ఏటా నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతోంది. అందులో దాదాపు రెండు సెంటీమీటర్ల జరుగుబాటు హిమాలయాల కిందే ఇమడాలి. ఒక భూభాగం మరోదాని మీదికి ఎక్కే ఇలాంటి పగులునే థ్రస్ట్ ఫాల్ట్ అంటారు. హిమాలయాల పగుళ్ళన్నీ లోతుకు పోయి ఒకే పెద్ద పగులులో కలుస్తాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

ఏటా రెండు సెంటీమీటర్లంటే మన గోరు పెరిగినంత. మరి దానికి భయమెందుకు? భయమంతా అది మెల్లగా జారకుండా ఇరుక్కుపోయినందుకే. బండి చక్రం బురదలో కూరుకుపోయిందనుకోండి. ఎడ్లు లాగుతూనే ఉంటాయి, చక్రం కదలదు. కాడి వంగుతుంది, పలుపులు బిగుస్తాయి. ఉన్నట్టుండి చక్రం బురదలోంచి లేస్తే బండి ఒక్క దూకు దూకుతుంది. బండి మీదున్నవాడు వెనక్కి విరుచుకు పడతాడు. భూకంపమంటే అదే. వందల ఏళ్ళు బిగిసిన బిగువు ఒక్క నిమిషంలో విడిపోతుంది.

పాత బాకీ

ఇది కట్టుకథ కాదు. 1803 సెప్టెంబరు 1న గఢ్వాల్‌లో పెద్ద భూకంపం వచ్చింది. 1905 ఏప్రిల్ 4న కాంగ్రాలో వచ్చిన భూకంపంలో సుమారు 20 వేల మంది చనిపోయారు. కాంగ్రా ఎక్కడ, డెహ్రాడూన్ ఎక్కడ! అయినా ఆ రోజు డెహ్రాడూన్, ముస్సోరీలలో కూడా ఇళ్ళు దెబ్బతిన్నాయి. 1991 అక్టోబరు 20న ఉత్తరకాశీలో 6.8 తీవ్రతతో భూమి కంపించి 750 మందికి పైగా చనిపోయారు. 1999 మార్చి 29న చమోలీలో దాదాపు వంద మంది పోయారు.

అయితే ఇవి పాత బాకీని తీర్చినవి కావు. కొలమానంలో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఉత్తరకాశీ లాంటివి ముప్పై వచ్చినా ఎనిమిదికి చేరే ఒక్క భూకంపానికి సరిపోవు. 1905 నాటి కాంగ్రా భూకంపానికీ 1934 నాటి బీహార్-నేపాల్ భూకంపానికీ నడుమ ఉన్న హిమాలయ భాగంలో ఆ తర్వాత ఎనిమిదికి చేరే భూకంపం రాలేదు. ఆ ఖాళీలోనే డెహ్రాడూన్ ఉంది. శాస్త్రవేత్తలు శివాలిక్ కొండల అడుగున కందకాలు తవ్వి, తెగిన మట్టి పొరల వయసు లెక్కగట్టారు. హరిద్వార్ దగ్గరి లాల్‌ఢాంగ్‌లోను, రామ్‌నగర్‌లోను తవ్విన చోట్ల సుమారు ఐదారు వందల ఏళ్ళ కిందట నేల పైదాకా చీలి, మీటర్ల కొద్దీ ఎగదోసుకు వచ్చిన ఆనవాళ్ళు దొరికాయి.

ఏటా రెండు సెంటీమీటర్లు, ఐదు వందల ఏళ్ళు. ఎంతయిందో మీరే గుణించుకోండి. పది మీటర్లు. అదంతా ఒక్కసారే తీరుతుందని మేము అనడం లేదు. విడతలుగా తీరవచ్చు. కానీ బాకీ ఉన్నదని తెలిసీ లేనట్టు నటించే అప్పులవాడు ఏమవుతాడో మనకు తెలియనిది కాదు.

బాస్మతి మీద లేచిన బస్తీలు

మరి ఈ లోయ మీద మన పాలకులు ఏం చేశారు?

డెహ్రాడూన్ పేరు చెబితే ఒకప్పుడు బాస్మతి గుర్తొచ్చేది. అఫ్గాన్ రాజు దోస్త్ మహమ్మద్ ఇక్కడ ప్రవాసంలో ఉన్నప్పుడు ఆ విత్తనం తెప్పించాడని చెబుతారు. కొండ నీళ్ళు కాలువల్లో పారేవి. మజరా, సేవలా ఊళ్ళ బియ్యం వండితే వీధి వీధంతా వాసన వచ్చేదట. 2000 నవంబరు 9న ఉత్తరాఖండ్ రాష్ట్రం ఏర్పడి డెహ్రాడూన్ రాజధాని అయింది. తాత్కాలిక రాజధాని అన్నారు. తాత్కాలికానికి వచ్చిన ఆఫీసుల వెంట కాలనీలు వచ్చాయి, కాలనీల వెంట బ్రోకర్లు వచ్చారు. రాష్ట్ర జీవవైవిధ్య మండలి లెక్క ప్రకారం 2018లో 410 హెక్టార్లున్న డెహ్రాడూన్ బాస్మతి సాగు 2022 నాటికి 157 హెక్టార్లకు పడిపోయింది. నాలుగేళ్ళలో సగానికి పైగా పోయింది. తూర్పు కాలువను కప్పేసి రోడ్డు వేశారు. దాన్ని ఇప్పటికీ ఈసీ రోడ్డు అంటారు, అంటే ఈస్ట్ కెనాల్ రోడ్డు. నీళ్ళు కనబడకుండా పోయాయి, కాలువ పేరు రోడ్డుకు మిగిలింది.

"రైతులే అమ్ముకున్నారు కదా" అని కొందరు పెద్దమనుషులు అంటారు. అవును, అమ్ముకున్నారు. ఎందుకు అమ్ముకున్నారు? బాస్మతికి మద్దతు ధర లేదు. దిగుబడి ఎక్కువిచ్చే రకాలతో ఈ పాత రకం పోటీ పడలేదు. చుట్టూ ఇళ్ళు లేచాక మడికి నీళ్ళు రావు, మురుగు మాత్రం వస్తుంది. కూతురి పెళ్ళి, కొడుకు ఫీజు, ఆసుపత్రి బిల్లు వరుసగా నిలబడి ఉంటాయి. వ్యవసాయాన్ని గిట్టుబాటు కాకుండా చేసి, ఆ పైన రైతు చేతిలో అడ్వాన్సు పెట్టి, "నువ్వే అమ్మావు" అనడం ఏం న్యాయం?

2025లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం భూచట్టాన్ని సవరించింది. 13 జిల్లాల్లో 11 చోట్ల బయటి రాష్ట్రాల వాళ్ళు వ్యవసాయ భూమి కొనకుండా కట్టడి చేసింది. చాలాకాలం ప్రజలు పోరాడి సాధించుకున్న సవరణ అది, మంచిదే. కానీ ఆ కట్టడి అడిగేది కొనేవాడు ఎవరు అని. ఏ నేల మీద ఏం కడుతున్నారు అని కాదు. భూకంపానికి స్థానికుడు, బయటివాడు అనే తేడా ఉండదు కదా!

"ఎప్పుడొస్తుందో చెప్పలేం" అనే సాకు

అధికారుల్ని అడిగితే ఒకటే జవాబు. "భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు." నిజమే. తేదీ చెప్పగల శాస్త్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. అలా చెబుతానన్న వాణ్ణి నమ్మకండి. కానీ తేదీ తెలియదు గనుక చోటు కూడా తెలియదన్నట్టు మాట్లాడటం మోసం. వాన ఏ రోజు పడుతుందో తెలియకపోయినా వాగు ఎక్కడ పారుతుందో మనకు తెలుసు. వాగులో ఇల్లు కట్టం.

1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో తాయ్‌చుంగ్ నగరం పక్కన ఉన్న థ్రస్ట్ పగులు కదిలింది. సుమారు 2,400 మంది చనిపోయారు. పగులు పొడవునా నేల గోడలా లేచింది. వూఫెంగ్ అనే ఊరి బడిలో పిల్లలు పరుగెత్తే మైదానం రెండుగా విరిగి ఒక సగం మనిషెత్తుకు పైగా లేచింది. ఇప్పుడు దాన్ని అలాగే ఉంచి మ్యూజియం చేశారు. ఒక డ్యామ్ కూడా విరిగింది. సరిగ్గా పగులు గీత మీద ఇల్లుంటే ఏ ఇంజినీరూ కాపాడలేడు. ఎంత ఉక్కు పోసినా, కాళ్ళ కింద నేలే రెండు ముక్కలైతే ఇల్లు నిలబడేది దేని మీద?

మరి చేయదగింది లేదా? ఉంది. 1971 ఫిబ్రవరి 9న అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కన శాన్ ఫెర్నాండోలో ఇలాంటి థ్రస్ట్ పగులే కదిలింది. 60 మందికి పైగా చనిపోయారు. ఆసుపత్రులు కూలాయి. పైనున్న ఒక డ్యామ్ కట్ట జారిపోవడంతో 80 వేల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. కదిలే పగుళ్ళను రాష్ట్రం గుర్తించి పటాలు అచ్చువేయాలి. పగులు గీతకు మామూలుగా 50 అడుగుల లోపల మనుషులుండే కట్టడాలు కట్టకూడదు. అలాంటి చోట ఆస్తి అమ్మేవాడు కొనేవాడికి ఆ సంగతి ముందే చెప్పి తీరాలి. ఇందులో రాకెట్ విద్య ఏమీ లేదు. ఒక పటం, ఒక గీత, ఒక నిజం.

మన దగ్గర పటాలు లేక కాదు. వాడియా హిమాలయ భూగర్భ పరిశోధన సంస్థ ఉన్నది డెహ్రాడూన్‌లోనే. ఆ లోయ పగుళ్ళ మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. అవి ఇంగ్లీషు పత్రికల్లో ఉన్నాయి. గ్రామసభలో లేవు. రైతు పొలం అమ్మే కాగితంలో సర్వే నంబరు, నాలుగు హద్దులు, మార్కెట్ విలువ అన్నీ ఉంటాయి. నేల గుణం రాసే గడి మాత్రం ఉండదు.

చచ్చేది ఎవరు?

భూకంపం అందర్నీ సమానంగా చూస్తుందంటారు. అబద్ధం. మనుషుల్ని చంపేది ఊపు కాదు, మీద పడే గోడ. ఎవరి గోడ బలహీనమో వాడే చస్తాడు.

మనకు పక్కనే ఉన్న కిల్లారిని మరిచిపోయామా? 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో భూమి కంపించింది. ముందు రాత్రే వినాయక నిమజ్జనం చేసి జనం నిద్రపోయారు. చనిపోయినవాళ్ళు దాదాపు 8 వేల మంది అని ఒక లెక్క, దాదాపు 10 వేల మంది అని మరో లెక్క. తీవ్రత 6.2 మాత్రమే. హిమాలయాల లెక్కన అది చిన్నది. కానీ అక్కడివి రాళ్ళూ మట్టీ పెట్టి కట్టిన మందపు గోడలు, పైన అడుగుల మందం మట్టి కప్పు. అన్నీ కలిసి నిద్రపోతున్న వాళ్ళ మీద పడ్డాయి. పూరి గుడిసెల్లో ఉన్నవాళ్ళు చాలామంది బతికారు.

ఇంకో మాట. కిల్లారిలో కదిలింది కూడా ఒకటి మరోదాని మీదికి ఎక్కే పగులే. దాని ఆనవాలు అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ప్రభుత్వ పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్. ముందు ఏడాది, 1992లో, నెలల తరబడి చిన్న చిన్న అదుర్లు వచ్చాయి. జనం భయపడి మొర పెట్టుకున్నారు. వేల మంది పోయాక ఆ జోన్ మారింది. 2002లో ఒకటో జోన్‌నే పటం నుంచి తీసేశారు. జనం చచ్చాక పటం దిద్దడం మన పద్ధతి.

2001 జనవరి 26న కచ్‌లో నేల పైకి కనిపించని పగులు కదిలింది. రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలి 700 మందికి పైగా చనిపోయారు. సబర్మతి ఒండ్రు నేల ఊపును పెంచింది. కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా స్తంభాల మీద నిలిపిన కట్టడాలు మోకాళ్ళు విరిగినట్టు కూలాయి. ఆ రకం కట్టడాలే ఇప్పుడు డెహ్రాడూన్‌లో బాస్మతి మళ్ళ ఒండ్రు మీద లేస్తున్నాయి. మన ఊళ్ళలోనూ లేస్తున్నాయి.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో ఈ హిమాలయ థ్రస్టే కదిలింది. దాదాపు 9 వేల మంది చనిపోయారు. 5 లక్షలకు పైగా ఇళ్ళు కూలాయి. ఇళ్ళు అన్ని కూలితే చావులు ఇంకెన్నో రెట్లు ఉండాలి. కానీ అది శనివారం పగలు 11 గంటల 56 నిమిషాలు. బడులకు సెలవు. పల్లె జనం చాలామంది పొలాల్లో ఉన్నారు. కిల్లారిలో తెల్లవారకముందు వచ్చింది, ఇల్లు చంపింది. నేపాల్‌లో పట్టపగలు వచ్చింది, పొలం కాపాడింది. తెరిపి నేల విలువ ఏమిటో దీన్ని బట్టి తెలియడం లేదా?

"మీరు అభివృద్ధికి అడ్డం" అంటే

ఈ మాటలు చెబితే మనల్ని అభివృద్ధి నిరోధకులంటారు. మేము ఇళ్ళు వద్దనడం లేదు. డెహ్రాడూన్‌లో కూలి పనికి వచ్చినవాడికీ ఇల్లు కావాలి, చదువుకునే పిల్లకూ గది కావాలి. ఎక్కడ, ఎలా కట్టాలో భూమిని అడిగి కట్టమంటున్నాం, బ్రోకర్ని అడిగి కాదు.

రెండో మాట మన రైతుల్లోంచే వస్తుంది. సభలోనే ఒక నడివయసు రైతు లేచి అడిగాడు. "నా పొలం మీద పగులుందని మీరు పటంలో గీత గీస్తారు. మర్నాటి నుంచి నా పొలం ఎవడు కొంటాడు? పక్కవాడు కోటీశ్వరుడు, నేను బికారినా?" ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పగులు మీద కట్టొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మాకూ లేదు.

మా జవాబు ఇది. పగులు మీది పొలం పొలంగానే ఉండాలి. కానీ అది రైతు ఒక్కడి త్యాగంగా ఉండకూడదు. ఆ పొలం ఖాళీగా ఉన్నందువల్ల బాగుపడేది ఊరంతా. నేల కంపించిన రాత్రి జనం పరుగెత్తుకొచ్చి నిలబడేది అక్కడే, గుడారాలు వేసేది అక్కడే. మామూలు రోజుల్లో వాన నీరు ఇంకేది అక్కడే. ఊరికి అంత మేలు చేసే పొలానికి ఊరు ఏటా డబ్బు చెల్లించాలి. అపార్టుమెంటు కట్టే కంపెనీల నుంచి వసూలు చేసే సొమ్ములోంచి ఇవ్వాలి. ఆ పొలంలో పండిన పంటకు గ్యారంటీ ధర ఇవ్వాలి. డెహ్రాడూన్ బాస్మతిని బతికించాలని ఉపన్యాసాలిచ్చే ప్రభుత్వానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. పగులు గీత వెంట బాస్మతి పచ్చగా నిలబడితే విత్తనమూ బతుకుతుంది, మనుషులూ బతుకుతారు.

ఇది సాధ్యం కాదంటారా? 1980ల్లో ఇదే లోయలో ముస్సోరీ కొండల్ని తొలిచే సున్నపురాయి గనుల్ని సుప్రీంకోర్టు మూయించింది. అప్పుడూ అభివృద్ధి ఆగిపోతుందన్నారు. ఆగలేదు. కొండలు మళ్ళీ పచ్చబడ్డాయి.

మన సంగతి

ఇంటికొచ్చాక మా ఊరి కుర్రాళ్ళు అడిగారు. "ఎక్కడో హిమాలయాల గొడవ మనకెందుకు బాబాయ్?" అని.

మన కింద హిమాలయాల లాంటి థ్రస్ట్ లేదు. అనవసరంగా భయపెట్టడం మా పని కాదు. కానీ 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం 7:27కు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో కంపిస్తే హైదరాబాద్, విజయవాడల దాకా తెలిసింది. గోదావరి లోయ పాత పగుళ్ళ లోయ. కిల్లారి మనకు నేర్పిన పాఠం ఏమిటి? పటంలో తక్కువ ప్రమాదమని రాసినంత మాత్రాన నేల ఒప్పుకోదు.

అమరావతిలో మూడు పంటలు పండే జరీబు భూములతో కలిపి 33 వేల ఎకరాలకు పైగా రైతుల నుంచి సమీకరించారు. 2002 నాటి పటంలో అది మూడో జోన్. హైదరాబాద్ చుట్టూ చెలకలు, చెరువు శిఖాలు ప్లాట్లయ్యాయి. ఎకరానికి ఎన్ని గజాలు తిరిగిస్తారన్న చర్చ ఊరూరా జరిగింది. ఏ నేలలో ఎంత లోతున గట్టి రాయి తగులుతుంది, ఊపు వస్తే ఏ రేగడి ఎంత ఊగుతుంది అన్న చర్చ ఎన్ని గ్రామసభల్లో జరిగింది? పెద్ద భవనాలకు మట్టి పరీక్షలు చేస్తారు, నిజమే. ఆ ఫలితాలు పక్కన రేకుల షెడ్డు వేసుకునే కూలీకి ఎవరు చదివి వినిపిస్తున్నారు?

రాతిగోడల, మట్టిగోడల ఇళ్ళకు కూడా భూకంప జాగ్రత్తలు భారత ప్రమాణాల సంస్థ 1993లోనే రాసి పెట్టింది. గోడలో అక్కడక్కడ నిలువెల్లా పట్టే రాళ్ళు, తలుపుల పైన ఇల్లంతా చుట్టే బెల్టు, మూలల్లో కట్టు. ఖర్చు పెద్దది కాదు. ఈ ముక్క మన ఊరి మేస్త్రీకి చెప్పినవాడు లేడు. ఇంటి పథకం కింద డబ్బులిచ్చి ఫొటోలు తీసుకునే అధికారులు బెల్టు వేశారా అని ఒక్కసారి అడిగితే చాలు కదా!

మా డిమాండ్లు

ఉత్తరాఖండ్ రైతులతో గొంతు కలిపి మేము ఈ డిమాండ్లు పెడుతున్నాం.

1. కదిలే పగుళ్ళను సర్వే నంబర్ల వారీగా గ్రామ పటాల మీద గుర్తించాలి. ఆ పటాలను జనం భాషలో గ్రామసభలో పెట్టి వివరించాలి.

2. పగులు గీత మీద ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు కట్టడాన్ని చట్టంతో నిషేధించాలి. ఆ భూమి రైతు హక్కులోనే సాగులో ఉండాలి. నష్టానికి ఏటా పరిహారం, పంటకు గ్యారంటీ ధర ఇవ్వాలి. పగులు పేరు చెప్పి చవగ్గా లాక్కోవడానికి వీల్లేదు.

3. లేఅవుట్ వేసే ప్రతి కంపెనీ నేల పరీక్ష ఫలితాన్ని, భూకంప ప్రమాదాన్ని అమ్మకం కాగితంలోనే రాయాలి. దాచినవాడికి శిక్ష ఉండాలి.

4. పల్లెల్లోని బడులు, అంగన్‌వాడీలు, ఆసుపత్రులను ముందుగా పరీక్షించి బలపరచాలి. పేదల ఇళ్ళకు బెల్టు వేయడానికి అదనపు సాయం, మేస్త్రీలకు శిక్షణ ఇవ్వాలి.

5. భూకంపంలో చనిపోయిన పశువులకు, చెడిన బావులకు, తెగిన కాలువలకు రైతుకు, కౌలు రైతుకు కూడా పరిహారం దక్కేలా నిబంధనలు మార్చాలి.

6. తెలుగు రాష్ట్రాల్లో రాజధానుల కోసం, కారిడార్ల కోసం, పార్కుల కోసం భూమి తీసుకునే ముందు ఆ నేల పరీక్ష నివేదికను భూమి ఇచ్చే రైతుల ముందే పెట్టాలి.

రైతులారా! మన మండలంలో రేపు ఎవరైనా పొలం కొనడానికి వస్తే, అమ్మడమా మానడమా మీ ఇష్టం. మీ కష్టం మీకు తెలుసు. కానీ ధర మాట్లాడే ముందు ఒక్క ప్రశ్న అడగండి. "ఇక్కడ ఏం కడతావు? ఈ నేల దాన్ని మోస్తుందని ఎవరు చెప్పారు?" వచ్చే గ్రామసభలో ఇదే ప్రశ్నను అర్జీగా రాసి ఇవ్వండి. ఒక నకలు సంఘం ఆఫీసుకు పంపండి. వచ్చిన అర్జీలన్నీ పట్టుకుని కలెక్టరేట్‌కు మేమొస్తాం.

మేము బయలుదేరేటప్పుడు ఆ ముసలి రైతు చిన్న గుడ్డ మూటలో రెండు శేర్ల బాస్మతి కట్టి ఇచ్చాడు. "వచ్చే ఏడు ఈ మడి ఉంటుందో లేదో" అన్నాడు. ఆ బియ్యం మేము వండుకోలేదు. సంఘం ఆఫీసులో ఉంది. చూడాలనుకున్నవాళ్ళు వచ్చి చూడవచ్చు.